ప్లగ్గు బండిలో పదహారు కిలోమీటర్లు

మా ఊళ్ళో నా మాటల్లో సగం తీసేసి మిగతా సగం నమ్మేవారు. ఆలేరు పక్క పల్లె మాది. అక్కడి బళ్ళో ఏడో తరగతి దాకా చదివాను. ఒకసారి పంతులుగారు, "సాంబయ్యా, మీ మేక పూటకెన్ని పాలిస్తుందిరా?" అని అడిగితే తొణక్కుండా పది లీటర్లన్నాను. ఆ రోజు నుంచి నేను పదిలీటర్ల సాంబయ్యను. హైదరాబాదు వచ్చి నాచారంలో ఒక ఫ్యాక్టరీ వ్యాను ఇరవై తొమ్మిదేళ్ళు నడిపినా ఆ పేరు నా వెనకే బస్సెక్కి వచ్చింది.

అదే ఫ్యాక్టరీలో కరెంటు పనులు చూసే ఇంజనీరు రామ్మోహనరావు గారు. తెనాలి వైపు మనిషి. టీ గ్లాసు ఎత్తు కూడా కొలిచి చెప్పే రకం. ఇద్దరం ఒకే ఏడాది రిటైరయ్యాం. నేను ఇంట్లో కూర్చుని నా భార్య చేత తిట్లు తింటుంటే, ఆయన హెచ్.ఎం.టి. నగర్‌లో తన ఇంటి ముందు గదిలో ఒక సంఘం పెట్టారు. పేరు ప్లగ్గు కార్ల ప్రచార సంఘం. సంఘం రిజిస్టరు కావాలంటే ఏడుగురు సభ్యులుండాలట. ఆయన, ఆయన భార్య కనకమహాలక్ష్మి గారు, ఇంకో నలుగురు కలిసి ఆరుగురయ్యారు. ఏడోవాడిగా నన్ను పట్టుకున్నారు.

"నాకేం తెలుసు సార్, సంఘంల నేనేం జెయ్యాలె?" అన్నాను.

"మాట్లాడాలి సాంబయ్యగారూ. నేను మాట్లాడితే జనం నిద్రపోతున్నారు."

విషయం చిన్నదే. బండికి పెట్రోలు ఇంజను ఉంటుంది, బ్యాటరీలూ మోటారూ కూడా ఉంటాయి. ఇంట్లో ప్లగ్గుకు పెట్టి ఛార్జి చేసుకోవాలి. ఆ ఛార్జి ఉన్నంత దూరం పెట్రోలు చుక్క తాగదు. ఛార్జి అయిపోతే ఇంజను అందుకుంటుంది, మధ్యలో ఆగిపోయే భయం లేదు. రోజూ ఆఫీసుకూ కూరగాయలకూ తిరిగే ఇరవై కిలోమీటర్లకు పెట్రోలు తగలెయ్యడం దేనికని ఆయన ప్రశ్న. పాత కార్లకు ఇలా మోటారు బిగించుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వాలన్నది ఆయన కోరిక. ఆ రెండు ముక్కలూ అచ్చు వేయించి ఉప్పల్ రింగురోడ్డు బస్టాపులో పంచేవాళ్ళం. సగం మంది అందులో బజ్జీలు చుట్టుకునేవాళ్ళు.

కాలనీ మీటింగుల్లో నా పని మొదలయ్యేది. "ఘట్‌కేసర్ దిక్కు ఒక దిగుడుంటది సూడున్రి, ఆ దిగుట్ల ఎంత ఛార్జి ఎక్కిందంటే, ఇంటికొచ్చి ప్లగ్గు వెడితే మీటరు ఎన్కకు తిరిగింది. మిగిలిన కరెంటు బకెట్ల వట్టి పక్కింటోళ్ళకిచ్చిన" అనేవాణ్ణి. జనం పగలబడి నవ్వేవారు. నవ్విన తర్వాత రావుగారు లేచి అసలు లెక్కలు చెప్పేవారు. నవ్వినవాళ్ళు కాబట్టి కూర్చుని వినేవాళ్ళు. మా జోడీ అలా కుదిరింది.

2010 జూలైలో ఆయన సొంత డబ్బుతో ఒక పాత మారుతీ వ్యానుకు మోటారూ బ్యాటరీలూ బిగించారు. పరీక్ష కోసమని ఏడాదిన్నరకు తాత్కాలిక అనుమతి తెచ్చుకున్నారు. గడువయ్యేలోగా ఆ బండి రోజూ ఎంత దూరం కరెంటు మీద నడిచిందో, ఎంత పెట్రోలు తాగిందో రాసి అనుమతులిచ్చే అధికారుల కమిటీకి చూపించాలి. ఆ లెక్క నిలబడితే ఆయన బండికే కాదు, మన దగ్గర ఇలాంటి బండ్లన్నింటికీ దారి తెరుచుకుంటుందని ఆయన ఆశ.

బండిని ఊరేగించడం ఆయనకు ఇష్టం లేదు. "అవసరం ఉన్నవాళ్ళని ఎక్కించుకుందాం. వాళ్ళే చెప్తారు" అన్నారు. అలా వచ్చింది సత్తమ్మ.

సత్తమ్మ భర్త హన్మయ్య మా ఫ్యాక్టరీలోనే మెషీను మీద పని చేస్తాడు. నన్ను అన్నా అంటాడు, ఆమె బావా అంటుంది. ఆమెకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. మంగళవారం, శుక్రవారం దవాఖానాకు పోయి నాలుగు గంటలు మెషీను పక్కన పడుకుని రక్తం కడిగించుకోవాలి. దవాఖానా అంబర్‌పేట్ దాటి ఇంకా లోపల. హబ్సిగూడ మీదుగా పోతే పధ్నాలుగు కిలోమీటర్లు. రెండు బస్సులు మారి వచ్చేసరికి ఆమె మెట్ల మీదే కూలబడేది. ఆగస్టు నుంచి వారానికి రెండుసార్లు ప్లగ్గు బండిలో నేను తీసుకుపోయేవాణ్ణి.

రావుగారికి అప్పుడే కంటి ఆపరేషన్ అయింది, బండి నడపలేరు. దవాఖానా నుంచి వచ్చాక ఛార్జి మిగిలితే అయిపోయేదాకా కాలనీలో తిప్పి, కరెంటు మీద ఎంత దూరం నడిచిందో నేను చెప్తే పుస్తకంలో రాసుకునేవారు. తర్వాత ఆ పుస్తకం కూడా నాకే ఇచ్చారు. పదిలీటర్ల సాంబయ్య చేతికి కొలతల పుస్తకం!

మొదటి రోజు బండి కరెంటు మీద ఇరవై ఎనిమిది కిలోమీటర్లు నడిచింది. అదే రాశాను. రెండోసారి ఇరవై అయిదే వచ్చింది. రావుగారు కంటికి పచ్చగుడ్డ కట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఎంత సాంబయ్యగారూ?" అన్నారు. సరదాకి ముప్పై ఆరన్నాను. నవ్వుతారు, నేనూ నవ్వి అసలు సంగతి చెప్తాననుకున్నాను. ఆయన నవ్వలేదు. చెయ్యి చాపి గోడను పట్టుకుని, "కనకం, విన్నావా? ముప్పై ఆరు!" అన్నారు. ఆవిడ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. ఆ ముఖాలు చూసి నా నోరు మూతపడింది.

ఆ తర్వాత ముప్పై అయిదు, ముప్పై ఏడు, ముప్పై ఆరు. బ్యాటరీలు పాతబడే కొద్దీ అసలు దూరం ఇరవై రెండుకు దిగింది. నా చేతిరాత మాత్రం ముప్పై ఆరు దగ్గరే కూర్చుంది. ఎక్కువ తాగిన పెట్రోలు నా జేబులోంచి పోయించాను. అబద్ధానికి తిండి కూడా నేనే పెట్టాను.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు నిలిచిపోయాయి. బొగ్గు గనులు ఆగిపోయేసరికి కరెంటు కోతలు పెరిగాయి. అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున. ముందు రోజంతా కరెంటు వస్తూ పోతూ ఉంది. మా రోడ్డులో పెట్రోలు బంకులు రెండు రోజుల నుంచి మూసి ఉన్నాయి. బండిలో పెట్రోలు అడుగంటింది. ఛార్జి ముల్లు సగం దగ్గర నిలబడింది.

హన్మయ్య సత్తమ్మను నడిపించుకుంటూ వచ్చాడు. మంగళవారం దారులు మూసేయడం వల్ల ఆమె దవాఖానాకు పోలేదు. కాళ్ళు వాచిపోయి చెప్పులు పట్టలేదు. ముఖం కూడా ఉబ్బింది. నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"ఆంబులెన్సుకు ఫోన్ జేసిన అన్నా. ఎప్పుడొస్తదో సెప్పలేమంటున్నరు. డాక్టరేమో ఇయ్యాల తప్పితే కష్టమన్నడు" అన్నాడు హన్మయ్య.

రావుగారు ముల్లు చూశారు. పుస్తకం తెరిచారు. వేలితో వరసగా నా ముప్పై ఆర్లన్నీ తడుముకుంటూ పోయారు. "హబ్సిగూడ దారి మూసేశారట. ఉప్పల్ చుట్టూ తిరిగి వెళ్ళాలి. పదహారు కిలోమీటర్లు. సగం ఛార్జికి పద్దెనిమిది వస్తుంది. చేరతాం. అక్కడ ప్లగ్గు పెట్టుకుందాం. నేనూ వస్తాను" అన్నారు.

సగం ఛార్జికి వచ్చేది పదకొండు. ఆ సంగతి తెలిసింది ఆ వాకిట్లో నా ఒక్కడికే.

అప్పుడే చెప్పాలి. నోటిదాకా వచ్చింది. కానీ రావుగారు అప్పటికే ముందు సీట్లో కూర్చుని పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. కమిటీ ముందు హాజరు కావడానికి ఇంకా పదమూడు రోజులుంది. నెమ్మదిగా నడిపితే ఇంకో కిలోమీటరు సాగుతుందేమో, దారిలో ఎక్కడో బంకు తెరిచి ఉంటుందేమో అనుకున్నాను. బండి తీశాను.

ఉప్పల్ చౌరస్తా దాటేదాకా ఎవరూ ఆపలేదు. సత్తమ్మ వెనక సీట్లో హన్మయ్య భుజం మీద తల పెట్టి, "బావా, ఏంది గింత మెల్లగ? నన్ను పెండ్లికూతుర్ని జేసి తోలుకవోతున్నవా?" అంది.

ఎప్పుడైనా అయితే ఆ మాటకు నా దగ్గర పది మాటలుండేవి. ఆ రోజు బంకుల కోసం చూస్తూ నడిపాను. దారి పొడుగునా రెండు బంకులు కనిపించాయి. రెంటికీ తాళ్ళు కట్టి ఉన్నాయి.

రామంతాపూర్‌లో రోడ్డు నిండా జనం. వంటావార్పు నడుస్తోంది. నడిరోడ్డు మీద మూడు పొయ్యిలు, పెద్ద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. ఆడవాళ్ళు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. అడ్డంగా మోటారు సైకిళ్ళు నిలబెట్టి ఉన్నాయి. దుర్గేష్ అని పిలుస్తున్నారు ఒకతన్ని, పాతికేళ్ళుంటాయి, నుదుటికి గులాబీ గుడ్డ కట్టుకున్నాడు. వచ్చి బండి మీద చెయ్యి వేశాడు.

"ఎటువోతున్రు పెద్దమనిషీ? బండ్లు బంద్. దిగున్రి, ఇంత బువ్వ దిని పోదురు."

నేను నోరు తెరవకముందే సత్తమ్మ కిటికీలోంచి వాచిన చెయ్యి బయటపెట్టింది. "బిడ్డా, నా రక్తం కడిగిచ్చుకోనీకె పోతున్న. ఇయ్యాల కడగకపోతే నీ తెలంగాణ నేను సూస్తనో సూడనో."

దుర్గేష్ ఆ చెయ్యి చూశాడు. వెనక్కి తిరిగి, "ఏయ్, బండ్లు తియ్యున్రి! గుండిగ జరపున్రి! జల్ది!" అని అరిచాడు. నిమిషంలో దారి చీలింది. మంట మీద గుండిగను నలుగురు ఎత్తి పక్కకు పెట్టారు. నాకు చెయ్యి ఊపాడు.

ఛార్జి ముల్లు చూశాను. ఏడు కిలోమీటర్లు వచ్చాం. ఇంకా తొమ్మిది ఉంది. లోపల మిగిలింది నాలుగు. ఇక్కడ జనం ఉన్నారు. నాలుగు కిలోమీటర్ల తర్వాత బండి ఆగే చోట ఎవరుంటారో తెలియదు.

బండి కదిలించలేదు.

"ఏమైంది?" అన్నారు రావుగారు.

"చేరం సార్."

"అదేంటండీ, ఇంకా పదకొండు వస్తుంది కదా."

"నాలుగే ఒస్తది. పుస్తకంల రాసింది అబద్ధం."

ఆయనకు అర్థం కాలేదు. కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. "ఏ రోజుది?"

"అన్నీ సార్. మొదటి రోజుది తప్ప అన్నీ. ముప్పై ఆరు ఎన్నడు రాలే. ఇప్పుడు నిండ ఛార్జి జేస్తే ఇరవై రెండొస్తది."

వెనక నుంచి హన్మయ్య గొంతు వచ్చింది. "అన్నా, ఆమెను ఎక్కిచ్చుకునేటప్పుడు ఎరికేనా నీకు?"

"ఎరికే."

అతను దిగి నా తలుపు దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. కిటికీ అంచు పట్టుకుని నిలబడ్డాడు, అంతే. సత్తమ్మ మాత్రం కళ్ళు మూసుకునే అంది, "నీ మాటలకు నేను నవ్వుకుంటనే ఎక్కిన గద బావా. నా తోని గూడ గట్లనేనా?"



రావుగారు పుస్తకం మూసి సీటు మీద పెట్టారు. దిగి దుర్గేష్ దగ్గరికి నడిచారు. తెనాలి మాటతో ఆ గుంపులో నోరు విప్పడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. "బాబూ, బండిలో కరెంటు చాలదు. పెట్రోలు లేదు. ఒక లీటరు దొరికితే ఆవిడ చేరుతుంది" అన్నారు.

దుర్గేష్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఆంధ్రా సారా?"

"అవును బాబూ."

"బంకులన్ని మేమే బంద్ జేయిస్తిమి గద సార్" అని తల గోక్కున్నాడు. తర్వాత తన మోటారు సైకిలు దగ్గరికి పోయి ట్యాంకు మూత తీశాడు. "ఒరే, పైపు దేన్రి. ఎవలి బండ్ల ఎంతుంటె గంత. ఇంటికి పోయేటంత ఉంచుకొని మిగిలింది గుంజున్రి."

ఉల్లిగడ్డలు కోస్తున్న ఒక ముసలమ్మ లేచి గట్టిగా అరిచింది, "పొయ్యిల కాడ పెట్రోలేంది, మీ మొగాలు మండ! అవుతలికి తీస్కపోయి గుంజున్రి!" అందరూ బండ్లను దూరంగా నెట్టుకుపోయారు. నీళ్ళ సీసాలు ఖాళీ చేసి, సన్న పైపు నోట్లో పెట్టి పీల్చి, దగ్గుతూ ఉమ్ముతూ ఒక్కో బండిలోంచి పావు సీసా, అరచేతి మందం తీశారు. పన్నెండు బండ్లు. లీటరున్నర అయింది. నేను సాయం పోబోతే ఒకతను, "నువ్వు కూసో పెద్దమనిషీ" అన్నాడు. నా మాటలు వాళ్ళందరూ విన్నారు.

"సంఘం పేరు మీద రసీదు రాసిస్తాను" అన్నారు రావుగారు.

"రసీదేంది సార్! ఆమెను జర పైలంగ తోలుకపోన్రి" అన్నాడు దుర్గేష్.

ఇంజను అందుకుంది. అంబర్‌పేట్ దాటి దవాఖానా చేరాం. అప్పటికే సత్తమ్మ వంతు దాటిపోయింది, మెషీను వేరొకరికి ఇచ్చేశారు. మూడు గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ మూడు గంటలూ ఆమె ఊపిరి ఎగపీల్చే చప్పుడు వింటూ గోడవారగా నిలబడ్డాను. చీకటి పడకముందే మెషీను ఎక్కించారు. బతికింది.

మర్నాడు రావుగారు పిలిచారు. పుస్తకం ముందు పెట్టి, "గుర్తున్నంతవరకు అసలువి చెప్పండి" అన్నారు. పద్నాలుగు నెలలు, నూట ఇరవై దాకా ప్రయాణాలు. నాకు గుర్తున్నవి తొమ్మిది. అబద్ధం చెప్పినవాడికి నిజం గుర్తుండదని నాకప్పుడే తెలిసింది. ఆ తొమ్మిదింటినీ ఆయన వేరే కాగితం మీద రాసుకుని, మిగతా పేజీలన్నింటికీ స్కేలు పెట్టి అడ్డంగా గీత గీశారు.

నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "సార్, కమిటీకి ఎవరు జెప్తరు? రోడ్డు మీద ఇన్నోళ్ళు ఈడిదాక రారు. పుస్తకం ఇచ్చేయున్రి. పర్మిషన్ రానీయున్రి. మూడేండ్ల కష్టం."

ఆయన గీత గీసిన పేజీల మీద చెయ్యి వేశారు. "నిన్న మీ అంకెని నమ్మి సత్తమ్మగారు ఎక్కారు. బండి మీ చేతిలో ఉంది కాబట్టి ఆపగలిగారు. రేపు ఈ పుస్తకం చదివి ఎక్కడెక్కడ ఎవరెవరు ఎక్కుతారో నాకు తెలీదు కదండీ" అన్నారు. తిట్టలేదు. కనకమహాలక్ష్మి గారు నాకు ఎప్పటిలాగే టీ ఇచ్చింది. ఎప్పటిలా కూర్చుని మాట్లాడలేదు.

కమిటీ ముందు మేము ఉన్నది పట్టుమని పది నిమిషాలు కూడా కాదు. ముగ్గురు అధికారులు. రావుగారు నిలబడి, "మా కొలతల పుస్తకం తప్పు. దయచేసి దాన్ని పరిగణించకండి. నమ్మదగినవి ఈ తొమ్మిదే" అని కాగితం ఇచ్చారు. మధ్యలో ఉన్న అధికారి ఆశ్చర్యపోయి, "తప్పు ఎవరిది?" అన్నాడు.

"సంఘానిది" అన్నారు రావుగారు.

నేను లేచాను. "సంఘానిది కాదు సార్, నాది. సాంబయ్య, డ్రైవర్. రాసింది నేను. ఈ సార్‌కు తెల్వది."

అధికారి రాసుకున్నాడు. తొమ్మిది కొలతలతో ఏమీ తేల్చలేమన్నాడు. లెక్కలు తప్పని సంఘమే చెప్పింది కాబట్టి తాత్కాలిక అనుమతి ఆ రోజుతో రద్దన్నాడు. బండి రోడ్డెక్కితే పట్టుకుంటారు. మళ్ళీ కావాలంటే మొదటి నుంచి దరఖాస్తు చేసుకోవాలి.

బయటికి వచ్చాక రావుగారు మెట్ల మీద కాసేపు కూర్చున్నారు. "మళ్ళీ పెడదాం" అన్నారు కానీ, ఎప్పుడో చెప్పలేదు. ఆయనకు అప్పటికి అరవై మూడు.

తర్వాతి మంగళవారం పొద్దున్నే హన్మయ్య ఇంటికి పోయాను. అతను నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. డ్యూటీకి సెలవు దొరకలేదని చెప్పులు వేసుకుంటున్నాడు. సత్తమ్మ సంచీలో దుప్పటి, మందుల చీటీ, ఒక డబ్బాలో అన్నం సర్దుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. సంచీ నేను అందుకున్నాను. హన్మయ్య వద్దనలేదు.

సమ్మె అయిపోయింది, బస్సులు తిరుగుతున్నాయి. ఉప్పల్ బస్టాపులో అరగంట నిలబడ్డాం. ఆమెకు నిలబడే శక్తి లేక నా మోచెయ్యి పట్టుకుంది. "నావల్లనే సత్తమ్మా, నీకు ఈ బస్సుల తిప్పలు" అన్నాను.

"ఎరికే" అంది.

బస్సు వచ్చింది. ఒక కాలేజీ పిల్ల లేచి ఆమెకు చోటిచ్చింది. నేను రాడ్డు పట్టుకుని పక్కన నిలబడ్డాను. బస్సు కదిలాక ఆమె తలెత్తి, "ఎంతసేపట్ల పోతం?" అని అడిగింది.

రామంతాపూర్ దగ్గర రోడ్డు తవ్వి పెట్టారు. అంబర్‌పేట్‌లో సంత రోజు. అక్కడ దిగి ఇంకో బస్సు మారాలి. ముఖం చూసి తక్కువ చెప్పాలనిపించింది.

"గంటన్నర పడ్తది" అన్నాను.

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత కొంగు భుజం నిండా కప్పుకుని, కిటికీ కమ్మీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.